చిన్న ముద్రణాలయమునకు నూతన సర్వరు: పాఠరక్షణదృష్టితో ఒక విచారము

సర్వరు అను పదమునకు తెలుగున స్థిరపడిన పర్యాయము లేదు. సేవకయంత్రమనవచ్చును గాని లోకవ్యవహారమున సర్వరనియే చెల్లుచున్నది. ఇచటను ఆ మాటయే వాడబడును. ఒక కార్యాలయమునందలి కంప్యూటరులన్నియు తమ ఫైళ్లను దేనియందు దాచి, దేనినుండి మరల గ్రహించునో ఆ యంత్రము సర్వరు. గృహమునకు కొట్టుగది యెట్టిదో కార్యాలయమునకు అది యట్టిది. ఆఱేడేండ్లకో పదియేండ్లకో అది పాతబడును. దాని స్థానమున వేఱొకటి తేవలసి వచ్చును. అపుడు వ్యాపారస్థులు సాధారణముగా మూడు లెక్కలు చూతురు: ధర యెంత, వేగమెంత, నిల్వ యెంత. తెలుగు పాఠములు నిల్వయుండు చిన్న ముద్రణాలయమునకు ఈ మూడును చాలవనియు, లిపిసంకేతమును గూర్చిన విచారము వీనికన్నిటికిని ముందు జరుగవలెననియు చెప్పుట ఈ వ్యాసమునకు ఉద్దేశము.

భాషాపరిశోధకులకు ఇది పరాయి విషయముగా తోచవచ్చును. కాని తాళపత్రమును పరిశీలించువాడు ఆకును, గంటమును, మసిని గూర్చి కొంత తెలిసికొనక తప్పదు. నేటి పాఠమునకు ఆధారము హార్డుడిస్కు గావున దాని మర్యాదలును అట్లే తెలిసికొనదగినవి.

ఉదాహరణముగా గైకొన్న స్థలము

రాయపూరులోని డబ్ల్యూఆర్ఎస్ కాలనీ రైల్వేవారి వ్యాగన్ రిపేరు షాపును ఆశ్రయించి వెలసిన నివాసస్థలము. ఆ కర్మాగారపు పేరులోని ఆద్యక్షరములే కాలనీకి పేరైనవి. రాయపూరును విజయనగరముతో కలుపు రైలుమార్గము బెంగాల్ నాగపూరు రైల్వేవారి కాలమున 1931లో పూర్తియైనది. ఆ రైల్వే 1944లో ప్రభుత్వాధీనమైనది. 1955లో ఆగ్నేయ రైల్వే ఏర్పడగా ఈ ప్రాంతము అందు చేరినది. 2003లో బిలాస్‌పూరు కేంద్రముగా ఆగ్నేయ మధ్య రైల్వే ఏర్పడినప్పుడు దానిలోనికి వచ్చినది. ఈ మార్గము వెంట ఉత్తరాంధ్రమునుండి రైలుకొలువులకు వచ్చిన తెలుగు కుటుంబములు ఇచట నిలిచిపోయినవి. 2000 నవంబరు 1న ఛత్తీస్‌గఢ్ ప్రత్యేకరాష్ట్రమైన పిదప హిందీ రాజభాషగా సాగినది. 2007లో ఛత్తీస్‌గఢీకిని ఆ గౌరవము లభించినది. తెలుగు ఇండ్లలోను, గుళ్లలోను, సమాజముల సభలలోను మిగిలియున్నది.

ఇట్టి చోట తెలుగు అచ్చున కెక్కు సందర్భములు కొన్నియే: పెండ్లి శుభలేఖ, గృహప్రవేశపు పిలుపు, పెద్దకర్మ పత్రిక, ఉత్సవముల కరపత్రము, సమాజముల వార్షికసంచిక. ఇవి సాహిత్యము గావు. అయినను ప్రవాసాంధ్రభాషకు ఇంతకు మించిన లిఖితసాక్ష్యము తఱచు దొరకదు. శుభలేఖ చివర బంధువుల పేర్లు ఏ వరుసలో ఏ బంధుత్వపదముతో నిలుచునో, ఇంటిపేరు హిందీ ఉచ్చారణముచే ఎట్లు మారునో, హిందీమాటకు తెలుగు విభక్తి ఎట్లు చేరునో వీనినుండి తెలియును. ఒక్క ఉదాహరణము చాలును. తెలుగువారి మాసము అమాంతము. ఉత్తరభారతమున చెల్లునది పూర్ణిమాంతము. కావున కృష్ణాష్టమి తెలుగున శ్రావణ బహుళాష్టమి కాగా హిందీలో భాద్రపద కృష్ణాష్టమి యగును. రెండు భాషలలో అచ్చైన ఆహ్వానమున ఒకే దినమునకు రెండు మాసనామములుండుట తప్పు గాదు. అది రెండు పంచాంగసంప్రదాయములు ఒకే కాగితముపై కలసికొన్న జాడ.

ఇట్టి కాగితములను గ్రంథాలయములు సేకరింపవు. ఇండ్లవారు శుభకార్యము ముగిసినంతనే పాఱవేయుదురు. కనుక వీని కడపటి ప్రతి చాలసార్లు ముద్రణాలయపు సర్వరులోనిదే యగును. సర్వరు మార్చునపుడు ఏమి మిగులును, ఏమి పోవును అను ప్రశ్నకు భాషాచరిత్రతో గల సంబంధమిది.

ఇక ఇట్టి కాలనీ పరిసరమున నాలుగైదు కంప్యూటరులతో నడచు ముద్రణాలయము నొకదానిని ఊహింతము. ఇది ఏ యొక్క సంస్థకును వర్ణనము గాదు. ఇట్టి చోట్ల సామాన్యముగా నుండు పరిస్థితులను చేర్చి కట్టిన ఉదాహరణము. అందలి సర్వరు 2012 నాటి విండోస్ సర్వరు కూర్పుతో నడచుచున్నదనుకొందము. ఆ కూర్పునకు మైక్రోసాఫ్టువారి భద్రతాసవరణలు 2023 అక్టోబరు 10తో సాధారణముగా ఆగినవి. యంత్రము నడచుచునే యుండును. కాని కొత్తగా బయటపడు లోపములకు మందు దొరకదు. మార్పునకు ఇది తగిన హేతువు.

పాత ఫైళ్ల స్వభావము

సర్వరు కొనుటకు ముందు దానిలోనికి పోవలసిన సరకేదియో చూడవలెను. భారతీయలిపుల కొఱకు ఇస్కీ అను సంకేతప్రమాణమును భారతీయ ప్రమాణసంస్థ 1991లో ప్రకటించినది. అదే సంవత్సరమున యూనికోడు మొదటి కూర్పు వెలువడినది. అందు తెలుగునకు 3072 మొదలు 3199 వఱకు 128 స్థానములు కేటాయింపబడినవి. ప్రమాణములు వచ్చినను అచ్చుపని చాలకాలము వాని వెంట నడువలేదు. పుటలు కూర్చుటకు వాడుకలోనున్న పేజ్‌మేకరు యూనికోడును ఎఱుగదు. దాని తుదికూర్పగు 7.0 వెలువడినది 2001లో. దానితో పనిచేయుటకు 'అను స్క్రిప్టు మేనేజరు', 'శ్రీలిపి' వంటి సాధనములు, వాని ఫాంటులు వ్యాపించినవి.

ఈ పాత ఫాంటుల పద్ధతి యిట్టిది. ఒక ఫాంటులో స్థానములు 256కు మించవు. గుణితములు, వత్తులు కలిపిన తెలుగు ఆకృతులో వందలకొలది యున్నవి. అందుచే అక్షరమును తలకట్టు, కొమ్ము, గుడి, వత్తు మొదలైన ఖండములుగా విఱిచి, రోమనులిపి అక్షరములుండవలసిన స్థానములలో ఆ ఖండములను నిలిపిరి. కంటికి కనబడునది తెలుగు. ఫైలులో నున్నది రోమను అక్షరముల వరుస. ఫాంటు తొలగినచో తెలుగు మాయమగును. ఒక ఫాంటుకొఱకు వ్రాసినది మఱియొక ఫాంటులో చదువరాదు.

యూనికోడు మార్గము వేఱు. అందు సంకేతము ఆకృతికి గాక వర్ణమునకు చెందును. 'శ్రీ' అనునది శకారము, పొల్లు, రేఫము, ఈకారచిహ్నము అను నాలుగు సంకేతముల వరుస. ఉచ్చారణక్రమమే నిల్వక్రమము. ఆకృతిని కూర్చుట ఫాంటు చేయవలసిన పని. కనుకనే యూనికోడు పాఠమును వెదకవచ్చును, అకారాదిగా పేర్చవచ్చును, పదసూచిక తీయవచ్చును. ఆకృతిఖండముల పాఠముతో వీనిలో ఏదియు నేరుగా సాగదు.

రాయపూరు వంటి చోట ఇంకొక చిక్కు కలదు. అచటి ముద్రణాలయములు హిందీపనికి 'కృతిదేవ్' ఫాంటును విరివిగా వాడినవి. అదియు రోమను స్థానములలో దేవనాగరిని నిలుపునదే. కావున ఒకే సంచయమున రెండు భాషల ఫైళ్లు, రెండింటిలోను రోమను అక్షరముల వరుసలే. సాదాపాఠముగా మార్చి దాచిన ఫైలులో ఇది ఏ ఫాంటునకు చెందినదో చెప్పు గుర్తు ఏదియు నుండదు. సంచికను కూర్చిన పనివానికి మాత్రమే అది తెలియును. అతడు పని మానినచో ఆ జ్ఞానమును పోవును.

కనుక నూతనయంత్రమును విచారించుటకు పూర్వమే ఒక పట్టిక వ్రాయవలెను: ఏ ఫోల్డరు ఏ సంవత్సరమునది, ఏ భాష, ఏ సాధనము, ఏ ఫాంటు, ఆ ఫాంటు ఫైలు ఎచట నున్నది. కొన్ని లిపిసాధనములు డాంగిల్ అను తాళపుచెవి వంటి చిన్న పరికరమును తగిలించిననే నడచును. పాత డాంగిళ్లు ప్రింటరునకు వాడు వెడల్పైన సమాంతరపోర్టునకు తగిలించునవి. నేటి యంత్రములలో ఆ పోర్టు సాధారణముగా నుండదు. పట్టికలో ఈ విషయమును చేర్చవలెను. ఇంత పనికి పైకము ఖర్చు గాదు. రెండు మూడు దినములు పట్టును. నూతనసర్వరుపై పెట్టు పైకము సద్వినియోగమగుట దీనిపై నాధారపడియున్నది.

ప్రతి ఫైలును మూడు రూపములలో నిలుపుట మేలు. మొదటిది మూలము, ఉన్నదున్నట్లు. రెండవది ఫాంటు పొదిగిన పి.డి.ఎఫ్.; దీనివలన పుట కంటికెట్లుండెనో అట్లే నిలుచును. మూడవది యూనికోడునకు పరివర్తించిన పాఠము. పరివర్తనసాధనములు దోషరహితములు గావు. ఖండములుగా విఱిగిన పాఠమున మ, వు వంటి దగ్గరి ఆకృతులను, వత్తుల క్రమమును, అరసున్నను, శకటరేఫమును ప్రత్యేకముగా పరీక్షింపవలెను. అందుచేతనే మూడవరూపము వచ్చినను మొదటి రెండింటిని తీసివేయరాదు.

యంత్రము చేయగల పాఠభేదములు

పాఠపరిష్కర్తలు లేఖకదోషములను ఎఱుగుదురు. సర్వరులోను అట్టివి కలవు. యు.టి.ఎఫ్.-8 అను పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతము మూడు బైట్లుగా నిల్వయగును. కకారమునకు కడపటి బైటు 10010101, గకారమునకు 10010111. తక్కిన రెండు బైట్లు సమానములే. అనగా కుడినుండి రెండవ బిట్టు ఒక్కటి తిరుగబడినచో 'కుడి' 'గుడి' యగును. వ్యాకరణమున కకారము గకారమగుటకు సంధినియమము కలదు. యంత్రమునందలి ఈ మార్పునకు ఏ నియమమును లేదు. రెండును సార్థకపదములే యగుటచే ప్రూఫు చూచువానికి ఇది దొరకుటయు కష్టము.

ఇట్టి మార్పు అరుదుగా జరుగును, కాని జరుగును. దీనికొఱకు ఇ.సి.సి. మెమొరీ ఏర్పడినది. ఇందు 64 బిట్ల పాఠమునకు 8 తనిఖీబిట్లు చేరును. ఒక బిట్టు తప్పినచో అది తానే దిద్దును, రెండు తప్పినచో పసికట్టును. సామాన్యపు కంప్యూటరునకును సర్వరుగా తయారైన యంత్రమునకును గల ముఖ్యభేదములలో ఇదియొకటి. ధర తగ్గునని సామాన్యపు కంప్యూటరునే సర్వరుగా నిలుపువారు ఈ రక్షణమును వదలుకొనుచున్నామని తెలిసి వదలుకొనవలెను. డిస్కుపై జరుగు ఇట్టి మార్పులను పట్టుటకు జెడ్.ఎఫ్.ఎస్., బి.టి.ఆర్.ఎఫ్.ఎస్. అను నిల్వవిధానములు ప్రతిభాగమునకు ఒక తనిఖీసంఖ్య వ్రాసికొనును; చదువునపుడు ఆ సంఖ్యతో సరిచూచును.

రెండవ ప్రమాదము ఫైళ్ల పేర్లలో నున్నది. విండోసు నిల్వవిధానము పేరునందు 255 సంకేతముల వఱకు అనుమతించును. లినక్సులో వాడుకనున్న ఇ.ఎక్స్.టి.-4 విధానము 255 బైట్లకే అనుమతించును. తెలుగు సంకేతమునకు మూడు బైట్లు గావున అచట పేరు 85 సంకేతములకు మించరాదు. సంకేతగుప్తి చేయు కొన్ని పద్ధతులలో హద్దు 143 బైట్లే. అనగా 47 తెలుగు సంకేతములు. ఒత్తులు, గుణితములు వేఱువేఱుగా లెక్కకు వచ్చును గాన వధూవరుల పేర్లు, ఇంటిపేర్లు, తేదీ చేర్చి పెట్టిన పేరు సులభముగా 47ను దాటును. అట్టి ఫైలు కొత్త యంత్రమునకు పోదు. పనివాడు వందలఫైళ్ల నడుమ ఆ దోషసూచనను గమనింపకపోవచ్చును.

మూడవది డేటాబేసునకు సంబంధించినది. గిరాకీదారుల పట్టికను డేటాబేసులో నుంచువారు దాని లిపిసంకేతమును ముందుగా నిర్ణయింపవలెను. మై ఎస్.క్యూ.ఎల్. పాతకూర్పులలో సహజముగా ఉండునది పశ్చిమ ఐరోపా లిపిసంకేతము. అందు తెలుగును నేరుగా చొప్పించినచో ప్రశ్నార్థకచిహ్నములు మిగులును. 2018లో వచ్చిన 8.0 కూర్పునుండి యూనికోడు సహజమైనది. సంకేతము సరియైనను వరుస వేఱు విషయము. సంకేతసంఖ్యల వరుసలో ఱకారము రేఫము వెంటనే వచ్చును, ళకారము లకారము వెంటనే వచ్చును; సంప్రదాయవర్ణక్రమమున ళకారఱకారములు హకారము తరువాతివి. పూర్ణబిందువు సంకేతసంఖ్యలో అచ్చులకంటెను ముందున్నది. నిఘంటుక్రమము కావలసినవారు యంత్రపు సహజక్రమమును నమ్మక, తెలుగునకు తగిన క్రమమును ఎంచుకొనవలెను.

నాలుగవది ఫాంటుల వయస్సు. ౘ, ౙ వర్ణములు యూనికోడున చేరినది 2008లో, ౚ 2015లో, నకారపొల్లు 2021లో. ఆ వర్షములకు పూర్వపు ఫాంటులు వానిని చూపలేక గళ్లు చూపును. శాసనపాఠములనో మాండలికపాఠములనో అచ్చువేయు ముద్రణాలయమునకు ఇది చిన్నవిషయము గాదు.

కావున ఒక నికషపాఠమును సిద్ధపఱచుకొనవలెను. బంగారమునకు ఒరగల్లు వలె ఇది యంత్రమునకు. అరపుట చాలును. ఱకారము, అరసున్న, ౘకారము, 'స్త్రీ', 'లక్ష్మ్యై' వంటి సంయుక్తములు, 'సాఫ్ట్‌వేరు' వంటి మాటలలో పొల్లును విడదీయు కనబడని సంకేతము, దీర్ఘమైన తెలుగు ఫైలుపేరు ఇవి యన్నియు అందుండవలెను. దానిని పాతయంత్రమునుండి కొత్తదానికి, కొత్తదానినుండి మరల మఱియొక కంప్యూటరునకు పంపి, అచ్చుతీసి సరిచూడవలెను. అమ్మువారి యంత్రముపైననే ఈ పరీక్ష జరుపుట ఉత్తమము.

మూడు మార్గములు

ఇక యంత్రపు ఎంపిక. నాలుగైదు కంప్యూటరుల ముద్రణాలయమునకు నేడు మూడు మార్గములు కలవు.

మొదటిది విండోస్ సర్వరుతో నడచు నిలువుపెట్టె యంత్రము. 2022 కూర్పునందలి ఎసెన్షియల్స్ రకము 25 మంది వినియోగదారులకు, 50 పరికరములకు సరిపోవును. ఒక్కొక్కరికి విడిగా అనుమతి కొనవలసిన పని లేదు. 2022 కూర్పునకు సవరణలు 2031 అక్టోబరు 14 వఱకు లభించునని ప్రకటింపబడినది. పలువురు ఒకేసారి వాడు లెక్కలసాధనము, డేటాబేసు, పాత కంప్యూటరును ఊహాయంత్రముగా నడుపుట వీనిలో ఏది యవసరమైనను ఈ మార్గము తగినది.

రెండవది నాస్ అనబడు నిల్వపెట్టె. ఇది ఫైళ్లను దాచి పంచుటకు మాత్రమే ప్రధానముగా ఉద్దేశింపబడినది. ధర, విద్యుత్తు, సంరక్షణము మూడును తక్కువ. 100 వాట్ల యంత్రము సంవత్సరము పొడవున నడచినచో 876 యూనిట్లగును; 30 వాట్ల పెట్టెకు 263 యూనిట్లు. ఫైళ్లనిల్వ దప్ప వేఱు పని లేని ముద్రణాలయమునకు రెండు డిస్కులతో, తనిఖీసంఖ్యలు గల నిల్వవిధానముతో, గంటగంటకు ఛాయాప్రతి తీయగల పెట్టె చాలును.

మూడవది ఇంటర్నెట్టు ద్వారా అద్దెకు దొరకు క్లౌడు నిల్వ. ఇంటర్నెట్టు ఆగినపుడు పని ఆగకుండుటకు దీనిని మొదటినిల్వగా గాక రెండవ ప్రతిగా వాడుట యుక్తము. అద్దె ఆగినచో పాఠమును ఆగిపోవునను సంగతి మఱువరాదు.

నిల్వసామర్థ్యపు లెక్క తఱచు భయపెట్టునంతటిది గాదు. ఒక పుటలో సుమారు 1800 సంకేతములున్నచో యు.టి.ఎఫ్.-8లో 5400 బైట్లు. 300 పుటల పుస్తకము 1.6 మెగాబైట్లు. వేయి పుస్తకముల పాఠము 1.6 గిగాబైట్లలో ఇముడును. చోటును ఆక్రమించునవి చిత్రములు. ఒక ఏ-4 పుటను అంగుళమునకు 300 చుక్కల చొప్పున రంగులలో స్కానుచేసి కుదింపక దాచినచో 26 మెగాబైట్లగును. 300 పుటలకు 7.8 గిగాబైట్లు. అనగా డిస్కు నిండుచున్నదని పాఠములను తుడిచివేయుటకు ఎన్నడును కారణము లేదు.

పాతయంత్రములతో పొత్తు మఱియొక విషయము. పేజ్‌మేకరు కొఱకు విండోస్ ఎక్స్‌పి కంప్యూటరు నొకదానిని నిలుపుకొనువారు కలరు. దానికి సవరణలు 2014 ఏప్రిలు 8తో ఆగినవి. ఎక్స్‌పి ఫైళ్లు పంచుకొను భాష ఎస్.ఎం.బి. మొదటికూర్పు. 2017 మేలో వానాక్రై అను దుష్టసాధనము లోకమంతట వ్యాపించినది ఆ కూర్పులోని లోపముచేతనే. నేటి సర్వరులలో అది సహజముగా అమర్చబడి రాదు. పాతకంప్యూటరు కనబడుటలేదని కొత్త సర్వరులో దానిని తెఱచుట ఇంటికి కొత్తతలుపు పెట్టి గడియ తీసివేయుట వంటిది. పాతయంత్రమును నెట్టువర్కునుండి వేఱుచేసి ఊహాయంత్రముగా మార్చి నడుపుట, లేక యు.ఎస్.బి. డిస్కు ద్వారా తనిఖీచేసి ఫైళ్లు తరలించుట మేలు.

ప్రతులు, విద్యుత్తు, వేడి

రెండు డిస్కులలో ఒకే విషయమును జంటగా వ్రాయు పద్ధతికి రెయిడ్-1 అని పేరు. ఒక డిస్కు చెడినను పని ఆగదు. కాని ఇది బ్యాకప్పు గాదు. ఒకడు ఫైలును పొరపాటున తుడిచినచో రెండు డిస్కులలోను అదే క్షణమున తుడుచుకొనిపోవును. ఒక లేఖకుని తప్పును ఇద్దఱు లేఖకులు ఒక్కసారి వ్రాసినంత మాత్రమున రెండు సాక్ష్యములగునా? స్వతంత్రప్రతులు కావలెను. మూడు ప్రతులు, రెండు విధముల సాధనములపై, ఒకటి వేఱుచోట అనునది లోకమున స్థిరపడిన సూత్రము. వేఱుచోటనగా అదే వీథిలో గాదు. విజయనగరమునందలి బంధువుల యింటనైనను సరియే. విద్యుత్తు లేక చిరకాలము పెట్టెలో నుంచు ప్రతికి ఎస్.ఎస్.డి. తగదు, అందలి ఆవేశము క్రమముగా సడలును, వేడి దానిని త్వరితపఱచును. హార్డుడిస్కు మేలు. నెల కొకమాఱు ఒక పాతఫైలును ప్రతినుండి మరల తీసి తెఱచి చూడవలెను. తెఱచి చూడని ప్రతిపై నమ్మకము పెట్టరాదు.

రాయపూరున మే నెలలో పగటివేడి 40 డిగ్రీలు దాటుట సాధారణము. చాల సర్వరులు 10 మొదలు 35 డిగ్రీల వఱకు గల గదిలో నడచుటకు నిర్మింపబడినవి. కావున అచ్చుయంత్రము ప్రక్కను, పడమటిగోడ నానుకొనియు సర్వరును ఉంచరాదు. ధూళి గాలిదారులను మూయును; రెండు నెలల కొకమాఱు శుభ్రపఱుపవలెను. కరెంటు పోయినపుడు యు.పి.ఎస్. కొన్ని నిమిషములే నిలుపును. కాబట్టి అది సర్వరునకు సూచననంపి సక్రమముగా ఆపునట్లు కేబులుతో కలుపవలెను. సర్వరు, స్విచ్చి, తెర కలసి 190 వాట్లు వాడునెడల, పవరు ఫ్యాక్టరు 0.6 గల యు.పి.ఎస్.కు కనీసము 317 వి.ఏ. కావలెను. బ్యాటరీ పాతబడును గాన 600 వి.ఏ. లేక అంతకు మించినది కొనుట యుక్తము.

తరలింపుక్రమము

పట్టిక పూర్తియైన పిదప ఈ క్రమమున పని జరుగవలెను. పాతసర్వరులోని ఫైళ్లన్నిటికిని తనిఖీసంఖ్యలు తీయుట. ఏమియు మార్చక ఒక సంపూర్ణప్రతిని వేఱు డిస్కుపై తీసి పక్కన పెట్టుట. కొత్తయంత్రమున నికషపాఠమును పరీక్షించుట. ఫైళ్లను తరలించి తనిఖీసంఖ్యలను సరిచూచుట. ఒక నెల రెండు యంత్రములను ఉంచుకొని, పాతదానిని చదువుటకు మాత్రమే తెఱచియుంచుట. పరివర్తనము, పేర్ల సవరణ, వర్గీకరణము ఇవి తరలింపు ముగిసిన తరువాతి పనులు. తరలింపును, సంస్కరణమును ఒకేసారి చేయువాడు ఏ దోషము ఎచట పుట్టెనో కనుగొనలేడు. ప్రతి వ్రాయునపుడే పాఠమును దిద్దిన లేఖకులవలన పరిష్కర్తలు పడు శ్రమ ఈ సభ్యులకు తెలియనిది గాదు.

పాతడిస్కును అమ్ముటకు పూర్వము రెండు సంగతులు చూడవలెను. వస్తుసేవలపన్ను చట్టము (2017) 36వ సెక్షను ప్రకారము నమోదైన వ్యాపారి లెక్కలను వార్షికరిటర్ను గడువుతేదీనుండి 72 నెలలు ఉంచవలెను. గిరాకీదారుల పేర్లు, టెలిఫోను సంఖ్యలు, చిరునామాలు వ్యక్తిగతవిషయములు. 2023లో వీని రక్షణమునకు ప్రత్యేకచట్టము ఏర్పడినది. కావున ప్రతి తీసిన పిదపనే డిస్కును నిశ్శేషముగా తుడిచి లేక భేదించి, యంత్రమును ఇ-వ్యర్థములను స్వీకరించు నమోదుపొందిన వారికి ఇయ్యవలెను.

భాషాశాఖలు చేయదగినది

వ్యాపారికి పాతశుభలేఖ మరల అమ్ముడుపోదు. అతడు దానిని తుడుచుటలో తప్పు లేదు. దాని విలువను చెప్పువారు లేకపోవుట లోపము. స్వరాష్ట్రము వెలుపల తెలుగు బోధించు శాఖలు తమ పట్టణములలోని చిన్న ముద్రణాలయములతో ఒడంబడిక చేసికొనవచ్చును. శాఖ పరివర్తనమునకు, నికషపాఠమునకు, ఒక హార్డుడిస్కునకు సాయమొసగును. ముద్రణాలయము గిరాకీదారుల సమ్మతితో, పేర్లును టెలిఫోను సంఖ్యలును మఱుగుపఱచిన పాఠములను ఇచ్చును. ఇట్లు సమకూడిన సంచయమునుండి బంధుత్వపదముల వ్యాప్తి, మాసనామముల వికల్పములు, హిందీపదములకు తెలుగు ప్రత్యయములు చేరు తీరు సంవత్సరక్రమమున చూపవచ్చును. నాగపూరు, ఖరగ్‌పూరు వంటి రైల్వే పట్టణముల తెలుగుతో పోల్చుటకును వీలగును.

ఈ పనికి అదను సర్వరు మారు సమయమే. అంతకు ముందు ఎవ్వరును పాతఫోల్డరులను తెఱువరు. ఆ తరువాత అవి యుండవు. కావున ముద్రణాలయము వారు కొత్తయంత్రమును విచారించుచున్నారని తెలిసినపుడు ధరను గూర్చిన మాటకు ముందు నాలుగు ప్రశ్నలు అడుగవలెను: ఫైళ్లు ఏ ఫాంటులో నున్నవి? ఆ ఫాంటు ఎచట నున్నది? దానిని ఎఱిగిన పనివాడు ఇంకను పనిలో నున్నాడా? రెండవ ప్రతి యే యూర నున్నది? ఈ నాలుగింటికి సమాధానము దొరకిన పిమ్మట ఏ మంచియంత్రము కొన్నను చెల్లును. దొరకకున్న, ఎంత వెలగల యంత్రము కొన్నను అది ఖాళీగదికి వేసిన తాళమే యగును.